ఎమెట్ కెగ్గుకి జరిగిన అన్యాయం

అధ్యక్షులు రోలండ్ ప్రూయిట్ గారికి, యాకిమా లోయ నలుమూలల నుంచి కోతలు ముగించుకుని వచ్చిన, బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్ పూల రైతులకు, ఇంట్లో బీరు కాచుకునే మన సంఘం సభ్యులకు, అందరికంటే ముందు, వీడ్కోలు జ్ఞాపిక ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్న మా ఎమెట్ కెస్లర్‌కి నమస్కారం. కార్యదర్శిని కాబట్టి నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపొమ్మన్నారు రోలండ్ గారు. ఇంటి దగ్గర రాసుకునే వచ్చాను. ఎమెట్ మొహం చూశాక ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. (నవ్వులు) నవ్వకండి. నాకు ఒళ్లు మండిపోతోంది.

ఇరవై ఆరేళ్లుగా మనకి పాఠం చెప్పినవాడు ఈయన. పులిసిన బీరుని మూత బిగించే ఉక్కు పీపాలోకి, అదే మన కెగ్గులోకి దించాక, ఎండిన హాప్ పూలు గుడ్డసంచిలో కట్టి దారంతో లోపల వేలాడదీయాలనీ, మూడు రోజులు దాటితే గడ్డి కంపు కొడుతుందనీ మన తలకెక్కించింది ఎవరు? ఆ తర్వాత గడ్డకట్టడానికి ఒక్క గీత ఇవతల దాకా చల్లబరిచి, మడ్డి అడుక్కి దిగేదాకా మూత జోలికి పోవద్దని మొత్తుకున్నది ఎవరు? ముందు వరసలో ఉన్నావుగా వాల్ట్, నువ్వు మొదటిసారి మూత తీసి తొంగి చూస్తే ఏమన్నాడు? "చంటిపిల్ల నిద్రపోయిందో లేదోనని లేపి చూస్తావుటోయ్?" అన్నాడు. (నవ్వులు)

అలాంటి మనిషి బీరు జూన్ పోటీలో గోధుమరంగుకి తిరిగి, తడిసిన అట్టపెట్టె రుచి వచ్చింది. ఒకే ఒక్కసారి! "డెబ్బై దాటాయి, పాపం, నోటికి రుచి తెలియడం లేదు" అనేశారు. మెత్తని వాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. కమిటీ కూర్చుని పాఠాలు మాన్పించేసి, ఆ జ్ఞాపిక చేతిలో పెట్టింది. గాలి తగిలితేనే ఆ రుచి వస్తుందని మొదటి పాఠంలోనే చెప్పాడు కదా, మూసిన కెగ్గులోకి గాలి ఎలా దూరిందని ఒక్కరైనా అడిగారా? ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. గుమ్మడికాయల దొంగ ఇక్కడే, మైకు ముందు నిలబడి ఉంది.



పోటీకి రెండు రోజుల ముందు పిల్లల పిక్నిక్‌లో సోడా పీపాకి గ్యాసు అయిపోయింది. సంఘం ఫ్రిజ్‌లో ఎమెట్ కెగ్గు, గొట్టంతో గ్యాసు సిలిండరు తగిలించుకుని, చల్లబడుతోంది. ఇంకొకరి గ్యాసు గొట్టం అడగకుండా ముట్టకూడదన్న నియమం టైపు చేసి ఆ తలుపుకి అంటించినదాన్ని నేనే. ఆ గొట్టం పీకి సిలిండరు పట్టుకుపోయినదాన్నీ నేనే. చల్లబడేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గి, మూత పట్టు వదిలి, కెగ్గు బయటి గాలి లాక్కుంటుందని నాకు తెలియదా? తెలుసు. ఒక్కపూటకి ఏమవుతుందిలే అనుకున్నాను. సాయంత్రం మళ్లీ తగిలించి, ఏమీ ఎరగనట్టు ఇంటికి పోయాను.

"లోర్నా, ఇక చాలు, కూర్చోమ్మా" అంటున్నారు అధ్యక్షులు. చాలదండీ, ఇప్పుడే మొదలైంది. ఎమెట్, నీ మీద కూడా కోపమే నాకు! గొట్టం బిగింపు తేడాగా ఉందని మర్నాడే కనిపెట్టావు. నా వంక చూసి, "పోనీలే లోర్నా, పిల్లలు సోడా తాగారు కదా" అన్నావు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నువ్వు తిట్టలేదు, నేను ఒప్పుకోలేదు. నీకు ముసలితనం అంటగడుతుంటే, అదే బల్ల దగ్గర కూర్చుని తీర్మానం రాసుకున్నాను. నా చేతిరాతే అది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

(ఎమెట్ లేవబోయాడు.) కూర్చో. ఈసారి నన్ను కాపాడొద్దు.

అధ్యక్షా, సభ రద్దు చేయక్కర్లేదు, కేకు కోసేయండి. శనివారం పాఠం ఎమెట్ చెబుతాడు, మీరు వింటారు, కమిటీవాళ్లు మొదటి వరసలో కూర్చుని మరీ వింటారు. ఇదిగో కార్యదర్శి తాళాలు. ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. వెళ్లవలసింది ఎమెట్ కాదు, నేను.

సెలవు.