చిక్కబడిన జెల్

గది కిటికీకి బిగించిన, స్విచ్ వేస్తే నల్లబడి ఎండని ఆపే అద్దం ముందు, దాన్ని తయారుచేసిన బావ, అమ్మాల్సిన బావమరిది నిలబడ్డారు. కొనేవాళ్లు పక్క గదిలో ఎదురుచూస్తున్నారు.

“స్విచ్ వేశావా బావా?”

“ఎప్పుడో వేశాను. ఓపిక పట్టు, నల్లబడుతుంది.”

“పోయినసారి త్వరగానే నల్లబడిందిగా?”

“అప్పుడు రెండు అద్దాల మధ్య పోసిన రంగు జెల్ కారిపోయిందని గోల చేశావు. అందుకే చిక్కగా చేశాను. ఇప్పుడు చుక్క కారదు.”

“కారదు సరే, ఆ చిక్కదనంలో రంగూ కదలట్లేదు. అల్లుడొచ్చేదాకా అమావాస్య ఆగదంటారు, ఇది నల్లబడేదాకా వాళ్లు ఆగుతారా?”

“సైన్సు తెలియనివాళ్లకి అన్నీ తొందరే. అబ్బ, ఎండ కళ్లలో కొడుతోంది. నేను తగిలించిన ఆ కర్టెన్ లాగు.”

“లాగాను. చూశావా, ఎంత చప్పున చీకటైందో. వాళ్లని పిలువు, దీన్నే అమ్మేద్దాం.”