జానెడు కిందికి

ఆరంతస్తుల ఆసుపత్రి. పైకప్పు మీద, లిఫ్ట్ యంత్రం ఉన్న ఇరుకు గది. పగలు పదకొండున్నర. లోపల లిఫ్ట్ మెకానిక్, మెట్లెక్కి అప్పుడే వచ్చిన మేనేజరు. మేనేజరు ఇరవయ్యేళ్ళు చిన్నవాడు.

"తాళం ఇటివ్వండి."

"ముందు కూర్చోండి సార్. ఆరంతస్తులు ఎక్కొచ్చారు."

"కూర్చోడానికి రాలేదు నేను. స్ట్రెచర్ లిఫ్ట్ ఎవర్ని అడిగి ఆపారు?"

"మిమ్మల్నే అడిగాను. మూడుసార్లు."

"మీరు అడగడం వేరు, నేను ఒప్పుకోవడం వేరు. కింద ఒకావిడ వచ్చింది. నెలలు నిండలేదు, రక్తం పోతోంది. థియేటర్ మూడో అంతస్తులో. పెద్ద డాక్టరు గారు నన్ను ఫోన్లో ఏమన్నారో తెలుసా?"

"ఊహించగలను."

"ఊహించగలిగితే ఇవ్వండి. ఒక్కసారి పైకి, అంతే. ఆవిణ్ణి దింపాక మీ ఇష్టమొచ్చినంతసేపు విప్పుకోండి."

"ఇవ్వను సార్."

"ఏమన్నారు?"

"ఇవ్వనన్నాను. ఆవిడ సంగతి చెప్తాను, ఒక్క నిమిషం..."

"ఆవిడకి నిమిషాలు లేవు పెద్దాయనా!"

"అందుకే మెట్ల మీద తీసుకెళ్తున్నారు. నలుగురు మనుషులు, బెల్టులున్న కుర్చీ. మీరు ఇటు పైకి బయల్దేరేసరికే వాళ్ళు మొదలెట్టి ఉంటారు."

"మెట్ల మీదా? ఆ స్థితిలో ఉన్న మనిషిని? లిఫ్ట్ పెట్టుకుని?"

"ఈ లిఫ్ట్ ఎక్కించడం కన్నా అదే నయం."

"నిన్న సాయంత్రం దాకా బానే తిరిగింది కదా."

"తిరిగింది. ఎక్కడ ఆగిందో చూశారా?"

"ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది."

"లేదు సార్. నెల కింద, గుమ్మానికి వేలెడు కిందికి దిగి ఆగింది. మీకు చెప్పాను. కాలెత్తి బయటికేస్తే సరిపోతుంది కదా అన్నారు. పోయిన వారం నాలుగు వేళ్ళు. ఇవాళ పొద్దున ఆరింటికి ఎవర్నీ ఎక్కించకుండా నడిపి చూశాను. రెండో అంతస్తులో జానెడు జారింది."

"జానెడే కదా."

"అది ఎప్పుడు జారిందో వినండి. వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆ తరవాత జారింది. స్ట్రెచర్ ముందు చక్రాలు లోపల, వెనక చక్రాలు వరండాలో ఉండే సమయమది. ఇప్పుడు చెప్పండి, జానెడేనా?"

"మీరు కావాలని భయపెడుతున్నారు."

"అయితే చేత్తో చూడండి. ఇటు రండి. కరెంటు తీసేశాను, భయం లేదు. ఈ చక్రాన్ని రెండు పక్కల నుంచీ పట్టుకుని ఆపేవి ఇవే, బ్రేకులు. వీటి లోపలి పొర చిటికెన వేలంత మందం ఉండాలి. తడమండి."

"గోరంత కూడా లేదు."

"అవతలి పక్క అదీ లేదు. ఇనుముకి ఇనుమే రాసుకుంటోంది."

"ఇంత అరిగేదాకా మీరేం చేస్తున్నారు మరి?"

"నెలకో రెండు గంటలు ఇవ్వమని మిమ్మల్ని అడుగుతున్నాను. మొదటిసారి తనిఖీవాళ్ళు వస్తున్నారన్నారు. రెండోసారి..."

"రెండోసారి వార్డులు నిండిపోయి ఉన్నాయి. అది అబద్ధమా?"

"కాదు. మూడోసారి మాత్రం ఏ కారణమూ చెప్పలేదు. నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతారు, ఆగిపోతే అప్పుడు చూద్దాం అన్నారు."

"ఎవరైనా అదే అంటారు. నా మీద ఎంతమంది ఉన్నారో మీకేం తెలుసు? లిఫ్ట్ తిరుగుతుంటే ఎవడూ నన్ను మెచ్చుకోడు. రెండు గంటలు ఆపితే మాత్రం పైనుంచి కిందిదాకా అందరూ నా మీదకే."

"తెలుసు సార్."

"ఏం తెలుసు? మీకు స్పానర్లూ గ్రీజూ తెలుసు. నా కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది."

"సరే సార్."

"సరే అంటే తాళం ఇస్తారా?"

"ఇవ్వను. మీకో సంగతి చెప్తాను. విన్నాక కూడా అడిగితే, అప్పుడు మీరే నా జేబులోంచి తీసుకోండి."

"కథలు వినే టైమా ఇది?"

"చిన్నదే. పద్దెనిమిదేళ్ళ కింద ఇంకో ఊళ్ళో, ఇంకో ఆసుపత్రి. అక్కడా ఇలాంటి లిఫ్టే. అక్కడి మెకానిక్ వారం నుంచీ మొత్తుకుంటున్నాడు, బ్రేకు పట్టడం లేదు, ఒక పూట ఆపుదామని. ఎవరూ వినలేదు. చివరికి ఒకరోజు తనే ఆపి, తాళం జేబులో వేసుకున్నాడు. అప్పుడు మేనేజరు వచ్చి, పై అంతస్తుకి ఉతికిన దుప్పట్లు వెళ్ళాలి, ఒక్కసారే కదా, తాళం ఇవ్వు అన్నాడు."

"ఇచ్చాడా?"

"ఇచ్చాడు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. ఉద్యోగం పోతుందని భయపడ్డాడు."

"ఆ తరవాత?"

"బట్టల బండి తోసే ఆయమ్మ. బండి లోపలికెళ్ళింది. ఆవిడ కాలు ఇంకా గుమ్మం మీదే ఉంది. అప్పుడు జారింది."

"కాలు పోయిందా?"

"ఎడమ కాలు. మోకాలి కింద నుంచి లేదు."

"కేసు అయ్యుంటుంది."

"అయింది. మెకానిక్ ఉద్యోగం పోయింది. లిఫ్ట్ బాగుందని రోజూ పుస్తకంలో సంతకం పెట్టేది అతనే కదా. ఆ రోజు పొద్దున కూడా పెట్టాడు, పెట్టమంటే. సంతకం అందరికీ కనబడింది. ఒక్కసారే కదా అన్న మాట ఏ పుస్తకంలోనూ లేదు."

"మేనేజరుకి ఏమీ కాలేదా?"

"ఏమీ కాలేదు. నాలుగు నెలలకి జీతం పెంచారు కూడా."

"మేనేజరు సార్! ఇక్కడున్నారా మీరు? ఫోనెందుకు ఎత్తరు?"

"ఏమైంది సిస్టర్? ఆవిడకేమైంది?"

"థియేటర్లో ఉంది. మొదలెట్టేశారు. అది చెబుదామనే ఎక్కొచ్చాను, మీరు ఇక్కడ ఈయనతో గొడవ పడుతున్నారని విని."

"మెట్ల మీద ఏం కాలేదు కదా?"

"ఏం కాలేదు. ఆరు నిమిషాలు పట్టింది. పొద్దున తొమ్మిదికే ఈయన నలుగురు మనుషుల్ని అడిగి తీసుకున్నారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి రెండుసార్లు మోయించారు. రెండోసారి మలుపులో గోడకి కొట్టారు, నా మోచెయ్యి చూడండి. అందుకే మూడోసారికి పొరపాటు చెయ్యలేదు."

"మీకు ముందే తెలుసా లిఫ్ట్ ఆపుతారని?"

"ప్రతి అంతస్తులో సిస్టర్లందరికీ చెప్పారు సార్. మీకు చెప్పలేదా?"

"చెప్పారు. మూడుసార్లు చెప్పారట. సరే, మీరెళ్ళండి. బిడ్డ సంగతి తెలియగానే ఫోన్ చెయ్యండి. ఎత్తుతాను."

"అలాగే సార్, వెళ్తున్నాను."

"పెద్దాయనా, ఈ పని ఎంతసేపు?"

"కొత్త పొరలు స్టోర్లో ఉన్నాయి. మూడు గంటలు. అరిగిన చక్రం కూడా చూడాలి, నాలుగనుకోండి."

"నాలుగు గంటలు తీసుకోండి. పెద్ద డాక్టరు గారితో నేను మాట్లాడతాను. నేనే ఆపమన్నానని చెప్తాను."

"అలా చెప్పక్కర్లేదు."

"చెప్పాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నేనే. ఇకనుంచి నెలకి రెండు గంటలు, తేదీ మీరే వెయ్యండి. నేను కొట్టెయ్యను."

"మంచిది సార్. ఆ టార్చి కాస్త ఇటు పట్టుకుంటారా? ఈ బోల్టు మొండికేస్తోంది."

"ఇలాగేనా?"

"కొంచెం ఎత్తండి. చాలు."

"అడగకూడదేమో. అంత జరిగాక మళ్ళీ ఈ పనిలోనే ఎలా ఉండగలిగారు? మీ స్థానంలో నేనుంటే లిఫ్ట్ మొహం చూసేవాణ్ణి కాదు."

"నేను ఈ పని నేర్చుకున్నదే ఆ తరవాత సార్."

"తరవాతా? ఆ మెకానిక్ మీరు కాదా?"

"కాదు. నాకు పని నేర్పింది ఆయన. ఊరి చివర చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. నేర్పమని వెళ్ళాను. ఏడాది పాటు గడప తొక్కనివ్వలేదు. రోజూ వెళ్ళి బయట నిలబడేవాణ్ణి."

"చివరికి ఆయనే నేర్పాడంటున్నారు. పని నేర్పమని వస్తే ఎందుకు రానివ్వలేదు?"

"ఎలా రానిస్తాడు సార్. ఒక్కసారే కదా, తాళం ఇవ్వు అని ఆ రోజు అన్నది నేనే."