స్టోరు తీసుకోని సైకిల్

సభాధ్యక్షులు చీఫ్ ఇంజినీర్ జయప్రకాశ్ గారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో ఇంకా టిఫిన్ ప్లేట్లు వదలని మిత్రులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన కంపెనీ క్రీడల కోచ్ వెంకటకృష్ణ సార్‌కు, వారి సతీమణి రాఘవమ్మ మేడంకు నమస్కారం. నా పేరు మంగ్లి. పాల్వంచ పక్క తండా మాది. ఆరేళ్లుగా సార్ దగ్గర సైకిల్ తొక్కుతున్నాను. సార్ మాత్రం తొక్కరు, ఆయన వాలీబాల్ మనిషి. (నవ్వులు)

మొదటి రోజే అడిగాను, "సార్, గేర్లు ఎట్ల మార్చాలె?" అని. "గవన్నీ తర్వాత. రెండు పూటలా తొక్కు, అదే వస్తది" అన్నారు. పొద్దున భద్రాచలం రోడ్డులో నలభై కిలోమీటర్లు, సాయంత్రం మా తండా నుంచి మేడం గారికి గేదె పాలు. "బరువుతోని తొక్కితే తొడలు గట్టిపడతయి బిడ్డా" అంటూ, కంపెనీ ఇచ్చిన రేసింగ్ సైకిల్‌కు మన వెల్డింగ్ షాపులోనే, వెనక పాలక్యాను పెట్టేందుకు ఇనుప క్యారేజీ అతికించారు. మేడం, మీ కాఫీని ఇక్కడ అందరూ మెచ్చుకుంటారు, అందులో నా రెండో పూట శిక్షణ కలిసి ఉంది.

జిల్లా పోటీలకు ఆ క్యారేజీతోనే వెళ్తే, పాలమ్మే పిల్ల వచ్చిందని నవ్వారు. అయిదు కిలోమీటర్లు దాటాక ఆ నవ్వినవాళ్లకు కనిపించింది ఆ క్యారేజీ వెనక భాగం ఒక్కటే. (చప్పట్లు) మర్నాడు పేపర్లో ఫొటో పడింది. నడుమ పతకంతో సార్, అటూ ఇటూ పెద్దలు, చివర్న నా మోచెయ్యి.

ఇక అసలు సంగతి. సార్ పేరు మీదున్న సామానంతా అప్పగిస్తేనే ఆయనకు క్లియరెన్స్ కాగితం ఇస్తారు. ఇవాళ పొద్దున సైకిల్ అప్పగించడానికి తీసుకెళ్తే, స్టోర్ కీపర్ హీరాలాల్ అన్న, "గీ క్యారేజీ లిస్టుల లేదు సార్. కోసి తెండి, లేకుంటే తీసుకోను" అన్నాడు. సార్ నా వైపు చూడకుండానే, "జల్దీ పోయి కోయిచ్చుకొని రా" అన్నారు. పన్నెండు రోజుల్లో నాకు రాష్ట్ర జట్టు ఎంపిక ఉందని, నాకు వేరే సైకిల్ లేదని ఆయనకు తెలుసు. నాకు కోపం వచ్చింది, ఇప్పుడూ ఉంది.

అయినా అబద్ధం ఆడను. ఆరేళ్లు, వానలో కూడా, తెల్లారకముందే ఆ అడవి రోడ్డు మీద నా వెనక స్కూటర్ లైటు వేసుకుని వచ్చింది ఈయనే. లారీలు ఆ లైటు చూసి తప్పుకునేవి. మా అమ్మ ఆ లైటును నమ్మే నన్ను పంపింది.

క్యారేజీ కోయించలేదు సార్. అది ఉన్నంతవరకు స్టోరు సైకిల్‌ను తీసుకోదు, మీకు కాగితం రాదు, శాలువా కప్పించుకున్నా మీరింకా రిటైరు కానట్టే. (నవ్వులు) జయప్రకాశ్ గారూ, సైకిల్‌ను నా పేరు మీదికి మారుస్తూ మీరు సంతకం పెడితే ఇద్దరి పనీ అవుతుంది. కాగితం మీ పూలదండ పక్కనే పెట్టాను.

(అధ్యక్షులు: "రేపు ఆఫీసుకు రామ్మా, చూద్దాం.")

రేపు సార్ ఉండరండీ. ఇప్పుడే.

(వెంకటకృష్ణ గారు లేచి, తన జేబులోని పెన్ను తీసి అధ్యక్షుల చేతిలో పెట్టారు.)

సార్, సగం కోపం పోయింది. మిగతా సగం ఎంపికయ్యాక పోతుంది. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.