కూలనని మొండికేసిన బడి

మేస్త్రీ ఇంటి ముందు గది. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ, కూల్చేసిన తన బడి చరిత్ర రాద్దామని అతని దగ్గరికి వచ్చింది.

“మూడు వారాలా? ఒక్క బడి కూల్చడానికా మేస్త్రీ?”

“అవునండీ. మెషిన్ పళ్లు రెండుసార్లు విరిగాయి. గోడ ఉలకదు, పలకదు.”

“మరి రేపో మాపో పడిపోతుందన్నారే?”

“అన్నారండి.”

“ఎవరు?”

“పెద్దవాళ్లు. మనకెందుకండీ? కూల్చమన్నారు, కూల్చాం.”

“ఇప్పుడక్కడ వరసగా దుకాణాలు లేచాయిగా.”

“లేచాయండి.”

“వరదొచ్చిన ఏడు మా వీధి వీధంతా ఆ బడి మేడ మీదే తలదాచుకుంది. కింద నడుంలోతు నీళ్లు. బెంచీలు పడవల్లా తేలుతున్నాయి. మేడ మాత్రం...”

“కదిలుండదండి. గానుగలో ఆడించిన సున్నంతో కట్టింది మరి. అలా కట్టేవాళ్లు ఇప్పుడు లేరు.”

“నువ్వున్నావుగా! పిల్లల్ని మార్చిన కొత్త బడి కట్టింది నువ్వేగా?”

“కాంట్రాక్టరు కట్టాడండి. నాది రెక్కల కష్టమే.”

“ఎలా కట్టారు?”

“మీరు రాసేది పాతదాని గురించి కదండీ?”

“చివర్లో కొత్తదాని గురించీ నాలుగు ముక్కలు రాయాలిగా.”

“బాగుందని రాయండి.”

“బాగుందా?”

“రంగులవీ... బాగున్నాయండి.”

“రంగులు ఎవరడిగారు? మొన్న వెళ్లి చూశాను. మెట్ల పక్క గోడకి బీట. నా చిటికెన వేలు దూరింది.”

“పూత బీటండి. కొత్త గోడలకి మామూలే.”

“పూత బీటలో వేలు దూరుతుందా?”

“మామూలేనండి.”

“నా మొహం చూసి చెప్పు.”

“చెప్పాగా, మామూలేనని.”

“పైన రెండు వందల మంది పిల్లలున్నారయ్యా!”

“మామూలే అంటుంటే వినరేంటండీ! ఏమేవ్, టీచరమ్మగారికి మంచినీళ్లు తే!”

“ఇదిగో, తెస్తున్నా. ఎందుకా అరుపులు? తీసుకోండి టీచరుగారూ.”

“చల్లగా ఉండమ్మా. మీ పాప కూడా కొత్త బళ్లోనే కదూ? క్లాసు నచ్చిందా?”

“ఎక్కడండీ! నిన్ననే మాన్పించేసి, ఊరికి ఆ చివరున్న బళ్లో వేశారు. రెండు బస్సులు మారాలి పసిది. ఎందుకయ్యా అంటే ఈయన నోరు విప్పరు.”