దొన్నెతో నీళ్లిచ్చిన పిల్ల

నర్సీపట్నం, 1984. పాతికేళ్ల కిందటి రాజుల సినిమా కొత్త ప్రింటుతో మళ్లీ వచ్చింది. మ్యాట్నీ మొదలై గంట దాటింది. కుర్చీ క్లాసు మూడో వరసలో సింహాద్రమ్మ, ఆమె పక్కన సైకిల్ షాపు మత్స్యలింగం, ఒకప్పటి సినిమా ఆపరేటరు. వెనకాలంతా ఆమె పిల్లాపాపలతో సహా వెంటబెట్టుకొచ్చిన వీధి జనం, వాళ్లలో చిన్నప్పుడు ఆమెతో బళ్లో చదివిన వెంకటరత్నం. సినిమా సంగతి అలా ఉంచండి, సింహాద్రమ్మ కాచుక్కూర్చున్నది ఇంటర్వెల్ కోసం.

“కూకో. ఎక్కడికి లేస్తన్నావు?”

“బీడీ కాల్సుకొచ్చేత్తాను సింహాద్రమ్మా. రెండు నిమిషాలు.”

“నీకు బీడీ అలవాటు లేదు. కూకో.”

“మోకాలు పట్టీసింది. అలాగ నాలుగడుగులు నడిస్తే...”

“నడుద్దువుగాని. ఇంటర్వెల్లు లైటేసినాక తెర ముందుకి నడుద్దువుగాని. నానే సెయ్యట్టుకుని తీసుకెల్తాను.”

“సిన్నపిల్లలున్నారు. ఇంతమంది పిల్లల ముందు...”

“నాకూ పదేళ్లే అప్పుడు. సిన్నపిల్లని అనీసి ఎవులన్నా నన్ను ఒగ్గీసినారా? అదిగో, కోట ముట్టడి. ఇప్పుడు సేనాపతి ఏటంటాడో సెప్పనా? ‘తలుపు తీస్తే ప్రాణం దక్కుతుంది, మూస్తే పరువు దక్కుతుంది. మూయండి.’ ఇన్నావా? అక్షరం తప్పనేదు. ఎనిమిదిసార్లు సూసినాను. ఈ బొమ్మంటే నాకు పానం. ఎనిమిదిసార్లూ నువ్వు నా సీను కోసినకాడికి వచ్చీసరికి కడుపు మండిపోయీది.”

“ఎనిమిదిసార్లా?”

“యలమంచిలి టెంటులో కూడా సూసినాను. అక్కడా లేను. నీ కత్తిరి పడ్డ ప్రింటే జిల్లా అంతా తిరిగినట్టున్నాది.”

“ఆ... అదే ప్రింటు.”

“అదేనా?”

“అదే, అదే. తెర మూల సుక్క పడ్డాది సూడు. రీలు మారతాది ఇప్పుడు.”

“మాట తప్పించకు. నీకింకా ఆ సుక్కలు కనబడతన్నాయేటి?”

“పాతికేళ్లయింది హాలు గుమ్మం తొక్కి. అయినా కన్ను అక్కడికే పోతంది.”

“ఆ ముక్క ఏటి సేసినావు? ఇయ్యాలన్నా నిజం సెప్పు.”

“గెడ్డ నీళ్లల్లో పారీసినాను.”

“పోయినేడు అడిగితే కాల్సీసినానన్నావు.”

“కాల్సీసి... గెడ్డలో పారీసినాను.”

“మీ ఓనరుకి ఎలకలు కొట్టీసినాయని సెప్పినావంట.”

“ఎప్పటి మాటలో. ఏటి గుర్తుంటాది?”

“నాకు గుర్తుంది. లంబసింగి ఘాటీలో షూటింగు. మా అయ్య ఆళ్ల వంటకి కట్టెలు మోసీవోడు. రాణీగారు సిన్న రాజుని సంకనేసుకుని పారిపోయొత్తంటే నాను రాయి సాటు నించి వచ్చి దొన్నెతో నీళ్లియ్యాల. ‘తాగండి దొరా, మా కొండ నీళ్లు’ అనాల. ఎన్నిసార్లు తీసినారో తెలుసా? పదకొండుసార్లు. ఆ సలిలో, తడిసిపోయిన పరికిణీతో. రాణీగారి యేషమేసినావిడ నా బుగ్గ గిల్లి, తెరమీద సూసుకో అమ్మడూ అనీసి ఎల్లింది. సూసుకుందామని బడి పిల్లలందర్నీ ఎంటేసుకుని వచ్చినాను. నువ్వు ఒక్క కత్తిరేటుతో నన్ను అబద్ధాలదాన్ని సేసీసినావు.”

“తప్పే.”

“తప్పే అని అంత సల్లగా అనీకు. నాకు ఇంకా మండుద్ది. పోనీ, నిన్ను నాను ఊరికే ఒగ్గీనేదులే. కొత్త హాలోళ్లు నిన్ను ఆపరేటరుగా పెట్టుకుంటామంటే, ఆడు రీళ్లు కోసి అమ్ముకుంటాడని ఎల్లి సెప్పింది నానే.”

“తెలుసు.”

“నీకు కత్తిరిలింగం అని పేరెట్టిందీ నానే.”

“అదీ తెలుసు.”

“ఏటికొప్పాక సంబంధం తప్పించిందీ నానే. లక్కబొమ్మలు సేసీవోళ్ల పిల్ల. బస్సెక్కి ఎల్లి, ఆళ్ల గుమ్మంలో నిలబడి సెప్పినాను, ఇలాటోడికి పిల్లనిత్తారా అని.”

“తెలుసు. ఆ పిల్ల బాగుండీది.”

“తెలిసీ నోరెత్తనేదేటి మరి? నోరెత్తి తిట్టుంటే నాకు సగం కసి తీరీది.”

“ఒగ్గీ సింహాద్రమ్మా. సినిమా సూడు.”

“ఏమే సింహాద్రీ, నీ సీను ఇంకా ఎంతసేపే? మా చంటిది నిద్రకి పడిపోతోంది.”

“వచ్చీసినాది, వెంకటరత్నం. రాణీగారు కోట దిగీగానే. అయిదో క్లాసులో నా మీద మట్టి జల్లినావు, గుర్తుందా? ఇయ్యాల బాగా సూడు.”

“చూస్తానే తల్లీ. నువ్వు కనిపిస్తే అందరి ముందూ చెంపలేసుకుంటాను. కనపడకపోయావో, అప్పుడు చెప్తాను.”

“సింహాద్రమ్మా, ఓ మాట. ఇప్పుడే లేచి సెప్పీత్తాను. కోసింది నానే అని గట్టిగా అరిసి సెప్పీత్తాను. గుంజీలు తీమంటే తీత్తాను. సెప్పీసి ఎల్లిపోదాం. సీను రాకముందే.”

“సీను సూపించకుండా నిన్ను నిలబెట్టి ఏటి లాభం?”

“నా మాటిను. నీకు దణ్ణమెడతాను. బయటికెల్దాం, నువ్వూ రా. బేగి.”

“భయమేస్తందా?”

“భయమే.”

“ఎయ్యాల. ఇన్నేళ్లకి నా కడుపు సల్లబడ్డాది. అదిగో, కొండెక్కుతన్నాది సూడు రాణీగారు. సిన్న రాజు దాహమని ఏడుస్తన్నాడు. ఇప్పుడొత్తాది రాయి. రెప్పెయ్యకు. పిల్లలూ, సూడండర్రా. అదిగో రాయి. ఆ పక్క నించి...”

“సింహాద్రమ్మా.”

“ఉండు.”

“సింహాద్రమ్మా, ఇటు సూడు.”

“ఇదేటి, అప్పుడే ఏరు దాటీసినారు? నీళ్లేవీ? నానేదీ? కొత్త ప్రింటు గదా. మద్రాసు నించి సీలేసిన పెట్టెలో వచ్చిందని మేనేజరు సెప్పినాడు గదా.”

“కొత్తదే.”

“మరి దీన్నెవులు కోసినారు?”

“ఎవులూ కొయ్యనేదు. అప్పుడూ ఎవులూ కొయ్యనేదు. మద్రాసులో సినిమావోళ్లే తీసీసినారు. మొదటాటకి ముందు రోజు రీళ్లన్నీ ఏసి సూసినాను. అందులో నువ్వు లేవు.”

“మరి నువ్వు గేటు కాడికి దిగొచ్చి, నానే కోసినాను అన్నావు.”

“నీ సుట్టూ పాతికమంది పిల్లలు. అబద్ధాలది, అబద్ధాలది అని మట్టి జల్లుతన్నారు. నానున్నాను, నానున్నాను అని నువ్వు ఎక్కెక్కి ఏడుస్తన్నావు. షూటింగు నానూ సూసినాను. నువ్వు నీళ్లిచ్చింది నిజం. సూళ్లేకపోనాను. నోటికొచ్చింది అనీసినాను. రెండు రోజులకి మర్సిపోతారు గదా అనుకున్నాను. ఓనరు ముక్క తెమ్మని కూకున్నాడు. లేని ముక్క ఎక్కడ తెత్తాను?”

“ఉద్యోగం పోయింది గదా. అప్పుడన్నా సెప్పాల గదా.”

“సెప్తే మళ్లీ నీ మీద పడరేటి?”

“ఆనక నాను పెద్దదాన్నయినాను. ఆనకన్నా సెప్పాల.”

“ఆనక నాకూ మండీది. లేదని సెప్పను. ఏటికొప్పాక సంబంధం పోయిన్నాడు, ఇయ్యాల దీని పొగరు దించీసి వత్తాననీసి మీ ఇంటికి బయల్దేరినాను. నువ్వు అరుగు మీద కూకుని ఈధి పిల్లలకి ఆ నీళ్ల సీను సెప్తన్నావు. సెయ్యి ఇలాగ దొన్నెలా పెట్టి సెప్తన్నావు. ఎనక్కి తిరిగి ఎల్లిపోనాను.”

“నాను బస్సెక్కి మరీ ఎల్లినాను లింగం. ఆళ్ల గుమ్మంలో నిలబడి...”

“లైటేసీసినారు. నువ్వు మాటాడకు. తల దించుకుని కూకో, నాను సూసుకుంటాను.”

“ఏదే సింహాద్రీ? ఏవీ నీ కొండ నీళ్లు? పాతికేళ్లుగా చెప్పి చెప్పి మా చెవులకి చిల్లులు పొడిచావు. కొత్త ప్రింటు, కొత్త ప్రింటు అని వీధంతా ఇళ్లకి తాళాలేయించి లాక్కొచ్చావు. చూశారా పిల్లలూ, ఈవిడగారి వేషం?”

“ఆగండమ్మా. ఆవిణ్ణి ఏటీ అనకండి. దీన్నీ నానే కోసీసినాను.”

“ఏమిటీ?”

“నిన్న పెట్టె ఇప్పినప్పుడు క్యాబిన్లో దూరి కోసీసినాను. పాత పగ. నన్ననండి.”

“ఇంత వయసొచ్చినా బుద్ధి రాలేదా నీకు? ఎవరక్కడ, మేనేజర్ని పిలవండి. వీణ్ణి స్టేషన్లో పెట్టిస్తే గానీ లాభం లేదు. ఏమే సింహాద్రీ, తెర ముందు నిలబెడతానన్నావుగా, నిలబెట్టు. ఊఁ, లే మరి.”

“నిలబడతాను. కాళ్లు తియ్యండి, నన్నెల్లనీండి. మీరు కూకోండి మత్స్యలింగంగారూ. అందరూ ఇనండి. ఈయన ఏ బొమ్మా కొయ్యనేదు. ఈ సినిమాలో నాను లేను. ఎప్పుడూ లేను.”