తెల్లబట్టతో బాధ

ఆత్మకూరు బజారులో కిరాణా అంగడి వెనక ఇల్లు. పడసాలలో అవ్వ రాజ్యలక్ష్మమ్మ, కర్నూలు టీవీలో డాక్టరమ్మతో కలిసి వయసు పిల్లల ఆరోగ్య సందేహాలకు ఫోన్లో జవాబులిచ్చే ‘సిగ్గెందుకు’ కార్యక్రమం నడిపే మనవరాలు శ్రీవాసవి.

“...నవ్వినారంటే నవ్వరా మల్ల? ఆయమ్మి ఏమడిగింది, నువ్వేం చెప్పినావు?”

“ఆ సంగతి ఎత్తొద్దంటాండా గదవ్వా. వారం నుంచి అందరి ఫోన్లలో అదే. నిన్న బస్సులో కండక్టరు కూడా టికెట్టు కొట్టకుండా నన్ను చూసి నవ్వినాడు.”

“ఒక్కసారి చెప్పమ్మీ. ఆ పొద్దు నాకు సరిగ్గా ఇనపల్లే.”

“పంతొమ్మిదేండ్ల పిల్లంట. ‘అక్కా, తెల్లబట్టతో శానా బాధపడతాండా, ఎవురికీ చెప్పుకోలేకుండా ఉండా’ అనింది. నేనేమో...”

“ఊఁ, నువ్వేమో?”

“‘ఏ రంగు బట్ట కట్టుకోవాల్నో అది నీ ఇష్టం చెల్లీ, తెల్లబట్టే కట్టుకోమని నిన్నెవరూ బలవంతం చేయకూడదు’ అంటి. ఆ పిల్ల గమ్మున ఫోను పెట్టేసింది. నువ్వూ నవ్వుతాండావా?”

“నవ్వు కాదులే, దగ్గు. డాక్టరమ్మ యాడికి పోయినాది?”

“కాన్పు కేసొచ్చిందని పోయె. లైవులో నేనొక్కదాన్నే. హాస్టల్లో చదివినదాన్ని, వైట్ డిశ్చార్జ్ అంటే తెలుస్తాది. దాన్ని తెల్లబట్ట అంటారని నాకెవురు చెప్పినారు? నువ్వు చెప్పినావా? అమ్మ చెప్పిందా?”

“మాకు మాత్రం ఎవురు చెప్పినారమ్మీ? అన్నిటికీ చాటుమాటే. ముట్టయితే కాకి ముట్టిందనేది. మా చిన్న చెల్లెలు ఆ కాకి కోసం మిద్దెంతా ఎతికింది. మీ తాత ఉండె గదా, అంగడిలో నిరోధ్ అమ్మేటోడు, పేరు చెప్పేటోడు కాదు. ‘ఆ సరుకు’ అనేటోడు. ఒక దినం నన్ను గల్లాలో కూచోబెట్టి పోతే, ఒకాయనొచ్చి ‘ఆ సరుకు ఉండాదామ్మా’ అనె. నేను శేరు చింతపండు కట్టిస్తి.”

“ఆయనేమన్నాడు?”

“ఏమంటాడు? తలొంచుకుని తీసకపోయినాడు. ఆ యేడే వాళ్లింట్లో కవలపిల్లలు.”

“అవ్వా, నాకు నవ్వు రాదు. ఆ పిల్ల ఏమయిందో తెలీదు. నంబరు అడిగితే ఇయ్యరు. ఫోను చేసినోళ్ల వివరాలు ఎవరికీ చెప్పకూడదని రూలు. ఆ రూలు పెట్టించింది నేనే. రేపు టీవీలో తప్పయిందని చెప్పి ఇంక మానేస్తా.”

“మానేస్తే? ఆయమ్మికి జవాబు ఎవురిస్తారు?”

“రేపు చూస్తాదో లేదో.”

“చూస్తాదనుకో. ఏం చెప్తావు? నాకు చెప్పు, ఇంటా.”

“కొద్దిగా అయితే భయం లేదు. వాసనో దురదో ఉంటే డాక్టరుకు చూపించుకోవాల. మందులతో పోతాది.”

“నెత్తుటి చార పడతాంటే?”

“నెలసరి తేడా ఏమో.”

“ముట్టు నిలిచిపోయినాక?”

“పంతొమ్మిదేండ్లకు ముట్టెందుకు నిలుస్తాదవ్వా?”

“ఊరికే అడిగితి. అట్లుంటే ఏం చేయాల?”

“ఒక్క దినం కూడా ఆగకూడదు. పరీక్ష చేయించాల. కాన్సరేమో చూడాలంటారు. అవ్వా, నీకా?”

“నాకేం, గుండ్రాయి మాదిరి ఉండా.”

“నిజం చెప్పు. నామీద ఒట్టు పెట్టు.”

“నీమీదొట్టు, నాకు కాదు. కాన్సరు అనే అంటారా? ఇంకేదీ కాదా?”

“ఇంకేదన్నా కావచ్చు. చూస్తేనే తెలుస్తాది. ఆ పిల్ల నెత్తురని అనలేదే, నువ్వెందుకంటాండావు?”

“అనేలోపల నువ్వు బట్టల రంగులెత్తుకుంటివి.”

“అనబోతాండెనని నీకెట్ల తెలుసు?”

“పొయ్యి మీద పప్పు అడుగంటతాదేమో, చూసొస్తా.”

“కూచో. పప్పు లేదు ఏం లేదు. ఎవురామె? మన వీధిలో మనిషా?”

“ఎవురో ఒకరు. ఎన్నాళ్లలో చూపించాల? పండగయినాక పోతే కాదా?”

“కాదంటాండా గదా. ఎన్నాళ్ల నుంచి ఉండాది?”

“ఉగాది నుంచి.”

“ఉగాది నుంచా? ఆమెకు ఇంట్లో మనుషులు లేరా? వాళ్లకు చెప్పుకోకుండా టీవీకి ఫోను చేసేదేంది?”

“ఉండారు. ఎదురుగా కూచుని చెప్పేదానికి నోరు రావాల గదా. టీవీలో అయితే మొగం కనపడదు. డాక్టరమ్మ చెప్తాది, ఇని మందు తెచ్చుకోవచ్చనుకుంటిమి.”

“అనుకుంటిమా? అంటే నువ్వు ఆ పిల్ల పక్కనుండావా?”

“వయసోళ్ల ప్రోగ్రామంట, పెద్దోళ్లయితే ఫోను తీసుకోరేమోనని వయసు తగ్గించి చెప్పిస్తి. నువ్వు కట్టుకునే బట్టనుకుని తిప్పలు పడతావని నాకేం తెలుసు?”

“అవ్వా, ఆ గొంతు నీది కాదు. చిన్నపిల్లది. ఎవురిదది?”

“గొంతు పక్కింటి పిల్ల స్తుతిది, మాట నాది. జబ్బు మీ యమ్మది.”