చివరి భాగం వచ్చేదాకా

సినిమా హాలు ఎదుట టీకొట్టు బల్ల. మధ్యాహ్నం ఆట చూసి వచ్చిన తమ్ముడు. రెండున్నర గంటలుగా బయటే కూర్చున్న అన్న.

"ఆ సినిమా కంపెనీ ఉంగరాల మేనేజరుగాడు కనబడితే గొంతు పిసికేస్తానన్నయ్యా. మన చేను మింగి కూర్చున్నాడు. అరగదులే వాడికి."

"ముందు కూర్చో. టీ తాగు. చచ్చాడా లేదా, అది చెప్పు."

"ఎవడు?"

"హీరో రా! ఎర్రకారువాడు! నిన్ను లోపలికి పంపింది ఎందుకు మరి?"

"చచ్చాడు."

"నిజంగా?"

"వంతెన సగానికి విరిగింది. ఇటు పోలీసులు, అటు విలను, మధ్యలో వీడు. కారుతో సహా సముద్రంలోకి దూకాడు. సమాధి కూడా చూపించారు."

"సమాధి కూడానా! హమ్మయ్య. అయితే అయిదో భాగంతో ఆఖరురా. మనం కంపెనీకి రాసిచ్చిన కాగితంలో ఏముంది? చివరి భాగం వచ్చేదాకా స్థలం కంపెనీ చేతిలో ఉంటుందనే కదా. వచ్చేసింది. చేలో వాళ్ళు వేసిన ఆ తారురోడ్డు పెళ్ళగించేసి, మీ ఆవిడ గీసి పెట్టుకున్న ఇల్లు కట్టేసెయ్. ఇంకెన్నాళ్ళు ఆ అద్దె గదుల్లో—"

"పేర్లు పడ్డాయి."

"పడితే?"

"ఒక్కడూ లేవలేదన్నయ్యా. ఏంటా అని నేనూ కూర్చున్నా. పేర్లన్నీ అయిపోయాక మళ్ళీ సముద్రం చూపించారు. అడుగున అంతా చీకటి. ఆ చీకట్లో హెడ్‌లైటు వెలిగింది."

"ఒకటేనా?"

"ఒకటి చాలదా? తర్వాత రెండోదీ వెలిగింది. హాలంతా ఈలలు. పక్కసీటువాడు ఆనందం పట్టలేక నన్ను కావలించుకున్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి, మీరు ఎప్పటినుంచి అభిమాని అనడిగాడు."

"ఏమన్నావు?"

"మొదటి భాగం నుంచీ అన్నాను."

"నీళ్ళలో మునిగిన కారుకి దీపమెలా వెలుగుతుందిరా? బ్యాటరీ—"

"నాలుగో భాగంలో అదే కారు విమానంలోంచి దూకింది. బ్యాటరీ సంగతి అడుగుతావేంటి నువ్వు?"

"మొదట్లో ఎంత చిన్న సినిమా అది. ఒక పాత కారు, ఒక పందెం."

"ఇప్పటికీ పందెంతోనే మొదలుపెడుతున్నారు. మన చేలోనే! ఆ రోడ్డు కనబడగానే జనం లేచి నిలబడ్డారు. ప్రతి భాగమూ అక్కడ మొదలైతేనే ఆడుతుందట. పదకొండేళ్ళయింది. ఏడాదికి మూడు వారాలు కూడా వాడరు. మిగతా రోజులు కంచె, కాపలావాడు. మన చేలోకి మనం వెళ్తే పాసేదీ అంటాడు."

"పోనీలేరా. ఇంకొక్క భాగం. జనం విసిగిపోయారు."

"విసిగారా? ఆ అరుపులు నీకు బయటికి వినబడలేదా?"

"... వినబడ్డాయి."

"వకీలుతో మాట్లాడాను."

"ఎప్పుడు?"

"నిన్న. ఆ హీరో చావకపోతే ఏం చెయ్యాలని. మోసం కేసు పెట్టొచ్చన్నాడు. మనిద్దరం అయిదో తరగతి దాటనివాళ్ళం. మేనేజరు ఆ చివరి భాగం ముక్క చదివి వినిపించకుండా ఇరికించాడని నువ్వు చెప్తే చాలట. నేను ఆ రోజు లేను కదా, నా తరఫున సంతకం పెట్టింది కూడా నువ్వే. రేపు పదింటికి రమ్మన్నాడు."

"కోర్టులెందుకురా మనకి."

"రేపు పదింటికి."

"రేపు నాకు పనుంది."

"ఏం పని?"

"పని... షాపులో."

"ఎల్లుండి?"

"ఎల్లుండీ ఉంది."

"అన్నయ్యా."

"టీ చల్లారిపోతోంది."

"నా మొహం చూసి చెప్పు. వాడు ఆ ముక్క చదివి వినిపించాడా?"

"లేదు."

"అదే కదా చెప్పమంటున్నది!"

"వాడు వినిపించడమేంట్రా. నేను చెబితే వాడు రాసుకున్నాడు."

"... ఏంటి?"

"సినిమా ఆడితే, రెండోదానికి పక్క చేనువాడి దగ్గరికి పోతారేమోనని భయమేసింది. ఎన్ని భాగాలు తీసినా మా చేనే ఉంచుకోవాలి, ఆఖరిదాకా వదలకూడదు అని రాయమన్నాను. మేనేజరు నవ్వాడు కూడా. ఈ ఒక్కటి ఆడితే అదే పదివేలు, రెండోది ఎక్కడిది పెద్దాయనా అన్నాడు. బతిమాలి రాయించాను."

"పదకొండేళ్ళ నుంచీ నేను వాణ్ణి తిడుతుంటే—"

"ఊరుకున్నాను."

"ఊరుకున్నావా? నువ్వూ తిట్టావు!"

"నీకు తోడుగా. ఒరేయ్, లేవకు. నా వాటా కూడా అందులోనే ఉందిరా. నేనూ పోగొట్టుకున్నట్టే కదా. మన ఇద్దరిదీ కలిపి—"

"కలపకు. నీది నువ్వు చూసుకో. నాది ఎకరం ముప్పై రెండు సెంట్లు."